సులోచనను దించింది హిందుస్తానీ రాకపోవడమేనా?

మూకీమిత్ర:

సులోచన, అసలు పేరు రూబీ మేయర్స్, ఆవిడ సంగతి ఎక్కడ చదివినా రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. మూకీల్లో మహారాణి, టాకీలొచ్చాక భాష రాక చతికిలపడింది, అంతే. ఆ రెండో ముక్క మీదే నా పేచీ.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. 1907లో పుణేలో పుట్టారు, బాగ్దాదీ యూదుల కుటుంబం. టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేస్తుండగా కోహినూర్ కంపెనీ నుంచి మోహన్ భవ్నానీ సినిమాల్లోకి రమ్మన్నారు. మొదట ఒప్పుకోలేదు, ఆ రోజుల్లో ఆడవాళ్ళకు సినిమా వేషం పరువు తక్కువ పని. చివరికి 'సులోచన' పేరుతో వచ్చారు. 1925లో 'వీర్ బాల', 1926లో 'టైపిస్ట్ గర్ల్', 'టెలిఫోన్ గర్ల్', 1927లో 'వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే', 1928లో 'మాధురి', 'అనార్కలి', 1929లో 'ఇందిరా బి.ఎ.'. (అమ్మ వేషాల సులోచన లాట్కర్ వేరు. ఆవిడ పుట్టిందే 1928లో. ప్రతి చర్చలోనూ ఎవరో ఒకరు ఇద్దర్నీ కలిపేస్తారు, అందుకే ముందే చెబుతున్నా.)

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' విడుదలైంది. తీసింది సులోచనను పెద్ద తారను చేసిన ఇంపీరియల్ కంపెనీయే. హీరోయిన్ మాత్రం జుబేదా. ఇంపీరియల్ అధిపతి అర్దేషిర్ ఇరానీ మొదట సులోచననే అనుకుని, హిందుస్తానీ (హిందీ, ఉర్దూ కలిసిన భాష) ధారాళంగా రాదని మానుకున్నారు. ఇంతవరకు నాకూ అభ్యంతరం లేదు. ఆ వెంటనే 'అందుకే పడిపోయింది' అంటారు చూడండి, లెక్క అక్కడ కుదరడం లేదు. 1932లో 'మాధురి'ని టాకీగా తీస్తే అందులో హీరోయిన్ ఆవిడే. 1934లో 'ఇందిరా ఎం.ఎ.', 1935లో 'అనార్కలి', 1936లో 'బంబయి కీ బిల్లీ'. 1939 దాకా కథానాయిక వేషాలు వేసిన మనిషిని 1931లో భాష ముంచిందంటే ఎలా? మునగడానికి ఎనిమిదేళ్ళు పడుతుందా?

రీలుడబ్బా:

మూకీమిత్ర గారూ, ఈనాటి డబ్బింగ్ అలవాటుతో చూస్తే 'భాష రాదు' అన్నది చిన్న మాటే. 1931లో అది యాస గొడవ కాదు, నెగెటివ్ (కెమెరాలో తిరిగే ముడి ఫిల్ము) ఖర్చు గొడవ. కాస్త యంత్రం సంగతి చెబుతాను.

'ఆలం ఆరా'కు వాడిన టానార్ పరికరం సింగిల్ సిస్టమ్. బొమ్మా శబ్దమూ ఒకే కెమెరాలో, ఒకే ఫిల్ము మీద పక్కపక్కన పడతాయి. శబ్దానికి వేరే ఫిల్ము, వేరే యంత్రం ఉండే పద్ధతి కాదు. ఇందులో ఒక చిక్కుంది. బొమ్మ పడేచోట ఫిల్ము సెకనుకు 24 సార్లు ఆగి ఆగి కదలాలి. శబ్దం పడేచోట ఆగకుండా, తొణక్కుండా సాగాలి. రెండూ ఒకేచోట కుదరవు కనుక వాటి మధ్య సుమారు 20 ఫ్రేముల ఎడం పెడతారు. ఫిల్ము మీద అది 15 అంగుళాలు, కాలంలో 0.83 సెకను. ఇప్పుడు బొమ్మ చూసుకుని కత్తెర వేశారనుకోండి, ఆ బొమ్మకు చెందిన మాట 15 అంగుళాల అవతల ఉంటుంది. ఒక షాటు చివరి మాట తెగిపోవడమో, పక్క షాటులో దూరడమో ఖాయం. అందుకే నటులు షాటు మొదట్లోనూ చివర్లోనూ దాదాపు సెకనుసేపు నోరు మూసుకుని నిలబడాలి. సంభాషణ మధ్యలో కత్తెర పెట్టడానికే లేదు.

ఇక ఖర్చు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 చొప్పున నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. రెండు నిమిషాల సంభాషణలో 1 నిమిషం 50 సెకన్ల దగ్గర 'ఖ' అనాల్సిన చోట 'క' అన్నారంటే 165 అడుగుల నెగెటివ్ బుట్టలోకి. మళ్ళీ మొదటి నుంచి. అదే మూకీలో కెమెరా చేత్తో తిప్పేది: సెకనుకు రెండు చుట్లు, చుట్టుకు 8 ఫ్రేములు, నిమిషానికి 60 అడుగులు. తప్పొస్తే ఆ ముక్క కోసి ఒక టైటిల్ కార్డు అతికిస్తే సరి, చూసేవాడికి తెలియదు.

పైగా స్టూడియో రైలు పట్టాల పక్కన. శబ్దం ఆపే గోడలు లేవు. బండ్లు ఆగిపోయాక రాత్రి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా తీసేవారు. రోజుకు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో హీరోయిన్‌కు మాట మాటా కరెక్టు చేస్తూ కూర్చోవడానికి ఏ నిర్మాత సిద్ధపడతాడు? మైకు చూస్తే ఒకటి, అదీ కెమెరాకు కనబడకుండా ఎక్కడో దాచింది. తల అటు తిప్పితే మాట తగ్గిపోతుంది. కొత్త పట్టుచీర కట్టుకుంటే గరగర, గాజులు కదిలితే గలగల. ఇన్ని చూసుకుంటూ రాని భాష కూడానా?

సైఫాబాద్:

రీలుడబ్బా అన్నా, లెక్కలు మంచిగున్నయ్. గానీ అదే 'ఆలం ఆరా'ల హీరో ఎవరు? మాస్టర్ విఠల్. మరాఠీ మనిషి, స్టంటు సినిమాల స్టార్. ఆయన హిందుస్తానీ ఎంత ఘోరమంటే సినిమాల ఎక్కువ శాతం సోయి లేనట్టు, మత్తుల ఉన్నట్టు చూపెట్టిన్రు, డైలాగు చెప్పే పని తప్పుతదని. ఆయన్ని తెచ్చుకునుడు కూడా ఊకెనే కాలే. పాత కంపెనీ కాంట్రాక్టు తెంపుకొని వచ్చిండని కేసైంది, ఆయన దిక్కు కోర్టుల నిలబడింది మహమ్మద్ అలీ జిన్నా. అంటే భాష రాని హీరో కోసం కోర్టుకు పోయిన కంపెనీ, భాష రాదని సొంత హీరోయిన్‌ను పక్కన పెట్టిందంటున్రు. గిదేం లెక్క?

ఇంకోటి చెప్తా, నవ్వుకోండ్రి. 'వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే'ల ఆమెవి ఎనిమిది వేషాలు. తోటమాలి, పోలీసు, వీధి పోరగాడు, బంగారు జుట్టు దొరసాని, అరటిపండ్లమ్మే ముసలమ్మ, జేబుదొంగ... ఆ వరుసల మన హైదరాబాదీ పెద్దమనిషి కూడా ఉన్నడు! మూకీ గనుక నడిచింది. టాకీ అయితే ఆ ఒక్క వేషానికే ఉర్దూ పరీక్ష పెడ్తుండె.

రీలుడబ్బా:

సైఫాబాద్ గారూ, విఠల్ ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. ఆయనకు భాష రాదని తెలిసి కథలో పాత్రనే నిద్రపుచ్చారు. ఒక సినిమాలో ఇద్దర్నీ నిద్రపుచ్చితే ఇక మిగిలేదేమిటి? ఒకరు మూగబోయినప్పుడు రెండోవారు మాట్లాడి తీరాలి. జుబేదా తల్లి ఫాత్మా బేగం ఉర్దూ నాటకాల నుంచి వచ్చిన మనిషి, ఇంట్లో మాట్లాడేదే ఆ భాష. 'ఆలం ఆరా' కూడా జోసెఫ్ డేవిడ్ రాసిన పార్సీ నాటకమే. నాటకపు హిందుస్తానీ అంటే బజారు మాట కాదు, రాజులూ ఫకీర్లూ మాట్లాడే భాష. వంటింటి హిందీ వస్తే చాలదు.

తెనాలిపద్యం:

అందరూ మాట దగ్గరే ఆగిపోయారు. అసలు గండం పాటండీ.

ప్లేబ్యాక్, అంటే ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కలిపే పద్ధతి, వచ్చింది 1935లో, కలకత్తా న్యూ థియేటర్స్‌లో. అంతకుముందు తెర మీద కనబడేవాళ్ళే, షూటింగు జరుగుతుండగానే పాడాలి. తబలా, హార్మోనియం వాయించేవాళ్ళు ఫ్రేముకు అవతల కూర్చునేవారు. పాడే గొంతునూ వాయిద్యాన్నీ పట్టేది ఒకటే మైకు. వేర్వేరుగా పట్టి తర్వాత కలపడం లేదు కాబట్టి బ్యాలెన్సు చెయ్యాలంటే మనుషుల్నే జరపాలి. హార్మోనియం రెండడుగులు ముందుకొస్తే గొంతు మునిగిపోతుంది, వెనక్కి పంపితే శ్రుతి అందక గొంతు జారుతుంది. పాట మూడో నిమిషంలో తప్పితే, రీలుడబ్బా గారి లెక్క ప్రకారమే 270 అడుగులు ఖతం. 'ఆలం ఆరా'లో ఏడు పాటలు. మరుసటి ఏడాది మదన్ కంపెనీ వాళ్ళ 'ఇంద్రసభ'లో డెబ్బై దాకా ఉన్నాయి. ఆ లెక్కన 1931-32లో నిర్మాత హీరోయిన్ని అడిగే మొదటి ప్రశ్న 'పాడతావా'. 'మాట్లాడతావా' అన్నది రెండోది.

మన దగ్గరా జరిగింది అదే. ఇదే ఇంపీరియల్ బ్యానర్ మీద హెచ్.ఎం.రెడ్డి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' తీసేటప్పుడు వెళ్ళింది నాటక సమాజం దగ్గరకే. సురభి కమలాబాయి అలా వచ్చారు. మైకు లేని పందిట్లో చివరి వరసకు పద్యం వినిపించగలిగిన గొంతు ఆ పాత మైకుకు సరిగ్గా సరిపోయింది. (విడుదల 1931 సెప్టెంబరా, 1932 ఫిబ్రవరి 6నా అన్న పంచాయితీ ఇక్కడ పెట్టకండి బాబూ, అది వేరే చర్చ. నా ఓటు ఫిబ్రవరికే.)

సులోచనకు రంగస్థలం లేదు. ఆవిడ బలం కళ్ళు, నడక, వేషం మార్చే ఒడుపు. ఇవేవీ మైకులోకి ఎక్కవు.

గిర్గాంరోడ్:

తెనాలిపద్యం గారు ఇంపీరియల్ ఊసెత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. 'ఆలం ఆరా' సెట్ల మీదే అదే ఏడాది తొలి తమిళ టాకీ 'కాళిదాస్' తీశారు, దర్శకుడు హెచ్.ఎం.రెడ్డే. 1931 అక్టోబర్ 31న మద్రాసులో విడుదల. అందులో టి.పి.రాజలక్ష్మి తమిళం మాట్లాడుతుంది. హీరోకు తమిళం సరిగ్గా రాక తెలుగులో జవాబిస్తాడు. మిగతావాళ్ళలో కొందరు హిందీ. ఒకే సీనులో ఆవిడ ఒక భాష, ఆయన మరో భాష! జనం ఎగబడి చూశారు. ఎల్.వి.ప్రసాద్ 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింట్లోనూ వేషాలు వేశారు, అంటే ఆ స్టూడియోలో భాషల సరిహద్దులు ఎంత పలచగా ఉండేవో చూడండి.

1933కు రండి. అదే ఇంపీరియల్‌లో తొలి పారసీక టాకీ 'దోఖ్తరె లోర్' తీశారు. హీరోయిన్ రూహంగీజ్‌ది దట్టమైన కెర్మాన్ (ఇరాన్‌లో ఒక ప్రాంతం) యాస. ఏం చేశారు? హీరోయిన్ని మార్చలేదు, ఆ యాసకు తగ్గట్టు కథ మార్చారు. అంటే ఆ కంపెనీ తలుచుకుంటే యాసకు కథలో చోటు చెయ్యగలదు.

ఇక నాడియా. ఆస్ట్రేలియాలో పుట్టిన మేరీ ఇవాన్స్, 1935లో వాడియా మూవీటోన్ 'హంటర్‌వాలీ'. ఆవిడ హిందీ విని నవ్వని వాడు లేడు, టికెట్టు కొనని వాడూ లేడు. టాకీలొచ్చిన నాలుగేళ్ళకు! సులోచనకు అడ్డమైన భాష నాడియాకు ఎందుకు అడ్డం కాలేదో ఎవరైనా చెప్పండి.

రీలుడబ్బా:

చెబుతాను. యాసను భరించేది వేరే గతి లేనప్పుడు. పారసీకం మాట్లాడే నటి బొంబాయిలో దొరకడం గగనం, దొరికిన మనిషికి తగ్గట్టు కథ మార్చుకున్నారు. 'కాళిదాస్'కు జనం వచ్చింది బొమ్మ మాట్లాడుతుందట అన్న వింత కోసం. ఆ వింత ఏడాది కూడా నిలవలేదు. నాడియా చేతిలో కొరడా, కింద గుర్రం. ఆవిడ సినిమాకు సంభాషణ పచ్చడి మెతుకు లాంటిది. సులోచనవి ప్రేమకథలు. 'మాధురి', 'అనార్కలి' లాంటివాటిలో మాటతోనే ప్రేమించాలి, మాటతోనే ఏడవాలి. పైగా జుబేదా చేతికందే దూరంలో ఉంది. ప్రత్యామ్నాయం ఉన్నప్పుడు యాసను ఎవరూ క్షమించరు.

సీతాదేవిని కూడా గుర్తు చేసుకోండి. అసలు పేరు రెనీ స్మిత్. 'లైట్ ఆఫ్ ఏషియా', 'షిరాజ్', 'ప్రపంచ పాశ్' అన్నీ మూకీలే. టాకీలతో ఆవిడ అధ్యాయం ముగిసింది. ఆంగ్లో-ఇండియన్, యూదు తారల మీద ఈ దెబ్బ ఒక్కరికి తగిలింది కాదు.

పదహారుఫ్రేములు:

ఇంతసేపూ ఆవిడ నాలుక గురించే మాట్లాడుతున్నారు. మార్కెట్ గురించి ఒక్కరూ ఎత్తలేదు.

మూకీకి భాష లేదని ఊరికే అనలేదు. సంభాషణ ఉండేది టైటిల్ కార్డు మీద, ఆ కార్డు మీద రెండు నుంచి నాలుగు లిపులు. పైన ఇంగ్లీషు, కింద గుజరాతీ, హిందీ, ఉర్దూ, ఎక్కడికి పంపుతున్నారో చూసుకుని. ఇంకో ప్రాంతానికి పంపాలంటే బొమ్మ ముట్టుకోనక్కర్లేదు. కార్డులు కొత్తగా రాయించి, ఫోటో తీసి, పాత కార్డుల చోట అతికిస్తే చాలు. రాసిన మాటలు నెమ్మదిగా చదివేవాడికి సరిపడా కార్డు నిలపాలి, పది సెకన్లు అనుకున్నా 16 ఫ్రేముల వేగంతో పది అడుగులే. చదవడం రానివాళ్ళ కోసం హాల్లో ఒకాయన నిలబడి గట్టిగా చదివి చెప్పేవాడు. ఈ ఏర్పాటుతో బొంబాయిలో తీసిన సులోచన బొమ్మ లాహోర్‌లోనూ మద్రాసులోనూ ఒకేలా ఆడగలదు.

1931తో ఆ దారి మూసుకుపోయింది. హిందుస్తానీ టాకీ హిందుస్తానీ తెలిసినవాళ్ళకే. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రేక్షకుడి ముందుకు 'కాళిదాస్', ఆ వెంటే 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. రాజలక్ష్మి, కమలాబాయి మనవాళ్ళు. సులోచనకు హిందుస్తానీ జుబేదాకంటే బాగా వచ్చి ఉన్నా దక్షిణాది ఆమె చేతి నుంచి పోయేదే. దేశమంతటి తార హిందుస్తానీ తార అయిపోయింది. అది ఆవిడ తప్పు కాదు, ఏ ట్యూషన్ మాస్టరూ బాగుచేయగలిగిందీ కాదు.

పనిలో పనిగా ఇంకోటి. మూకీల కాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్రటి పెదవి నల్లగా, ఎరుపు కలిసిన చామనఛాయ ఉన్నదానికంటే ముదురుగా పడుతుంది. నీలికళ్ళవాళ్ళయితే గుడ్డివాళ్ళలా తెల్లకళ్ళతో కనబడతారు. తెల్లని ఒళ్ళు, గోధుమరంగు కళ్ళు ఉన్న సులోచనకు ఈ ఫిల్ము పెట్టని కోట. తర్వాత అన్ని రంగుల వెలుగునూ పట్టే పాన్‌క్రోమాటిక్ వాడకం పెరిగాక ఆ మొగ్గు తగ్గింది. శబ్దం ఒక్కటే మారలేదని చెప్పడానికే ఇది.

సైఫాబాద్:

గిది పాయింటు! ఇంకోటి కూడా. 1931ల టాకీలు ముప్పై లోపే, మూకీలు రెండొందల దాకా వచ్చినయ్. 1934 దాకా మూకీలు తీసుడు బందు కాలే. అంటే ఆమెను ఒక్క టాకీల తీసుకోకుంటే ఇంట్ల కూసున్నట్టు కాదు.

మరి ఆ జీతం ముచ్చట సంగతేంది? బొంబాయి గవర్నర్ కంటే ఎక్కువ జీతమంట గదా?

మూకీమిత్ర:

ఆ ముచ్చట ఇక చాలించాలి. ఇంపీరియల్‌లో ఆవిడ పుచ్చుకున్నది నెలకు 5,000 రూపాయలు. 1935 భారత ప్రభుత్వ చట్టంలో బొంబాయి గవర్నర్ జీతం ఏడాదికి 1,20,000, అంటే నెలకు 10,000. ఆవిడది సరిగ్గా సగం. గవర్నరుతో పోల్చి పెంచక్కర్లేదు, ఆ 5,000 చాలు నోరు తెరవడానికి.

ఎందుకో చూడండి. 'ఆలం ఆరా' మొత్తం ఖర్చు 40,000 అంటారు. అంటే సులోచన ఎనిమిది నెలల జీతంతో ఒక 'ఆలం ఆరా'. ఏడాది జీతం 60,000 అంటే ఒకటిన్నర సినిమా. అప్పట్లో సినిమాకింత అని కాదు, నెలజీతం. షూటింగు ఉన్నా లేకున్నా ఒకటో తారీఖున డబ్బు లెక్కపెట్టాలి. అంటే ఆ జీతం గిట్టాలంటే ఆవిడ చేత ఏడాదికి నాలుగైదు సినిమాలు చేయించక తప్పదు. 'ఆలం ఆరా' రికార్డింగుకు అమెరికన్ ఇంజనీరు విల్ఫర్డ్ డెమింగ్ రోజుకు 100 రూపాయలు అడిగితే భరించలేక ఇరానీ, రుస్తుం భరూచా తామే నేర్చుకుని చేసుకున్నారు. రోజుకు వంద దగ్గర వెనకాడిన మనిషి నెలకు అయిదు వేలు ఇచ్చాడంటే, తెర మీద ఆవిడ తెచ్చేది అంతకంటే ఎక్కువని లెక్క తేలే ఇచ్చి ఉంటాడు. భాష రాక పడిపోయిన నటికి ఎవరైనా అలా ఇస్తారా?

నా లెక్కలో ఆవిడను దించింది ఈ జీతాల పద్ధతి కూలిపోవడం. 1933 నుంచి 1939 దాకా ఆవిడకు డి.బిల్లిమోరియా తప్ప వేరే హీరో లేడు. ఇద్దరూ ఇంపీరియల్ మనుషులే. ఆ కంపెనీ 1937లో దేశంలోనే ప్రాసెస్ చేసిన మొదటి రంగుల సినిమా 'కిసాన్ కన్య' తీసింది, 1938లో మూతపడింది. సొంతంగా రూబీ పిక్స్ పెట్టుకున్నా పెద్ద స్టూడియో నీడ లేకుండా నిలబడడం కష్టం. 1939కి జంట విడిపోయింది. కంపెనీ, జంట, కొలువు మూడూ రెండేళ్ళలో పోయాయి. బిల్లిమోరియా కెరీరూ దాదాపు అప్పుడే చల్లారింది. ఆయనను కూడా హిందుస్తానీయే దించిందంటారా?

రీలుడబ్బా:

బిల్లిమోరియా సంగతి బలమైనదే, ఒప్పుకుంటున్నా. కానీ మీరు లెక్కపెట్టిన టాకీల పేర్లు మళ్ళీ చదవండి. 'మాధురి' 1928 మూకీ. 'అనార్కలి' 1928 మూకీ. 'ఇందిరా బి.ఎ.' మూకీకి డిగ్రీ పెంచి 'ఇందిరా ఎం.ఎ.' చేశారు. 'బంబయి కీ బిల్లీ' అంటే 'వైల్డ్ క్యాట్ ఆఫ్ బాంబే'నే. నాలుగు పెద్ద పేర్లూ పాతవే! జనం మనసులో ఉన్న మూకీ సులోచననే కంపెనీ మళ్ళీ మళ్ళీ అమ్మింది. టాకీ కోసం కొత్తగా ఒక సులోచనను తయారుచేయలేకపోయింది. భాష గండం తప్పి ఉంటే కొత్త కథలు రాసేవారు కాదా?

గిర్గాంరోడ్:

రీమేకులు బలహీనతకు గుర్తేమీ కాదు. 'మాధురి'లో ఆవిడ నాట్యం ఎంత పేరు తెచ్చుకుందంటే, గాంధీగారు ఖద్దరు ప్రదర్శన ప్రారంభిస్తున్న చిన్న చిత్రానికి ఆ నాట్యం ముక్క జోడించి, శబ్దాలు కలిపి ప్రదర్శించారు. గాంధీ పక్కన సులోచన! అంత గిరాకీ ఉన్న సరుకును మళ్ళీ తీయకపోతేనే కంపెనీకి తెలివి లేదనాలి. 1928 'అనార్కలి' కూడా అలా లెక్కవేసి తీసిందే: గ్రేట్ ఈస్టర్న్ అనే కంపెనీ వాళ్ళు అదే కథను సీతాదేవితో తీస్తుంటే, వాళ్ళకంటే ముందు థియేటర్లలో ఉండాలని హడావుడిగా పూర్తిచేశారు.

ఇందిర డిగ్రీ మాట సరదాగా అన్నారు కానీ అందులో ఒక కిటుకుంది. చదువుకున్న, ఇంగ్లీషు వాసన ఉన్న అమ్మాయి పాత్రకు కొంచెం తేడా యాస ఉంటే అది తప్పుగా కాదు, నిజంగా వినబడుతుంది. టైపిస్టు, టెలిఫోన్ ఆపరేటర్, బి.ఎ., ఎం.ఎ... ఈ వేషాలకు ఆవిడ నోరు అతికినట్టు సరిపోతుంది. కథ మార్చి యాసకు చోటు పెట్టడం అంటే ఇదే కదా.

సైఫాబాద్:

తెనాలిపద్యం గారూ, మిమ్మల్ని ఒక్కటడుగుత. పాటనే గండమంటిరి. ప్లేబ్యాక్ 1935ల వచ్చిందంటిరి. అయితే 1935 తర్వాత ఆమెకు రస్తా సాఫ్ కావాలె గదా? ఆమె దిగుడు మొదలైందే ఆ తర్వాత. గిది ఎట్ల పొసుగుతది?

తెనాలిపద్యం:

మంచి ప్రశ్న. ప్లేబ్యాక్ కనిపెట్టిన రోజే అన్ని స్టూడియోలకూ అందలేదు. ముందు పాట రికార్డు చెయ్యాలి, షూటింగులో దాన్ని వినిపించాలి, పెదవులు దానికి కలపాలి, ఆపైన శబ్దం ఫిల్మునూ బొమ్మ ఫిల్మునూ వరస తప్పకుండా జత చెయ్యాలి. సింగిల్ సిస్టంలో ఇది అయ్యే పని కాదు. శబ్దానికి వేరే ఫిల్ము, వేరే యంత్రం, వాటిని నడిపే మనిషి కావాలి. అంతకంటే ముఖ్యం, ప్లేబ్యాక్ తెచ్చిన న్యూ థియేటర్సే పాడే నటుడు సైగల్‌ను నెత్తిన పెట్టుకుంది. 1940లు సగం గడిచేదాకా పాడే తారకే పట్టం. ఆ పద్ధతి వచ్చిందని జనం చెవి ఒక్కరోజులో మారదండీ. ఆమె దిగిన ఏళ్ళు పాడే తారల ఏళ్ళే. నా మాట నేను వెనక్కి తీసుకోను.

రీలుడబ్బా:

నేను మాత్రం కొంచెం వెనక్కి తీసుకుంటున్నా. భాష ఆవిడకు చేసిన నష్టం ఏమిటని నిక్కచ్చిగా అడిగితే, ఒక సినిమా, ఒక ఏడాది. ఆ సినిమా పేరు 'ఆలం ఆరా' కావడమే దురదృష్టం. అది వేరే ఏ సినిమా అయినా ఈ చర్చే ఉండేది కాదు. 1938-39 దెబ్బకు కంపెనీనే కారణమంటే ఒప్పుకుంటా. పదహారుఫ్రేములు గారి మార్కెట్ మాటకు నా దగ్గర జవాబు లేదు, అది నేను ఆలోచించని వైపు. రీమేకుల మీద మాత్రం గిర్గాంరోడ్ గారితో పేచీ అలాగే ఉంది.

పదహారుఫ్రేములు:

సంతోషం. పడిపోయిందంటూ అందరూ మర్చిపోయే ముక్క ఒకటి చేరుస్తా. 1973కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఆవిడకే వచ్చింది. మరుసటి ఏడాదిది మన బి.ఎన్.రెడ్డి గారికి. 1983లో బొంబాయిలోనే పోయారు.

గిర్గాంరోడ్:

రీలుడబ్బా గారి కోసం ఒక్క 'అనార్కలి'నే పట్టుకుని చూపిస్తా. మనవాళ్ళకు అనార్కలి అంటే 1955 అంజలీదేవి. హిందీలో 1928ది మాటా పాటా అక్కర్లేనిది, అందులో సులోచన అనార్కలి. 1935 దానిలోనూ ఆవిడే, కానీ మాట సెట్టు మీదే, మైకు ముందే పలకాలి. 1953 దానికి దర్శకుడు నందలాల్ జశ్వంత్‌లాల్, 'ఇందిరా ఎం.ఎ.', 'బంబయి కీ బిల్లీ' తీసినాయనే. అప్పటికి అనార్కలి ముఖం బీనా రాయ్‌ది, గొంతు లతా మంగేష్కర్‌ది. సులోచన అందులో సలీం తల్లి జోధాబాయి.